‘చట్టం’ అనే మాట దగ్గర: డిగ్రీ స్థాయి రాజ్యాంగ న్యాయ బోధనలో తెలుగు పరిభాష – ఒక విమర్శ

వ్యాససంగ్రహం

న్యాయశాస్త్ర డిగ్రీలో రాజ్యాంగ న్యాయాన్ని తెలుగులో అర్థం చేసుకునే విద్యార్థికి పరిభాష ఇప్పటికే తేలిపోయిన విషయంగా అందుతోంది. ఆంగ్లంలో ఏ పదం చుట్టూ వివాదం నడిచిందో ఆ పదం తెలుగులోకి రాగానే కొన్నిచోట్ల ఒక పక్షాన్ని ముందే గెలిపిస్తోంది. మరికొన్నిచోట్ల వివాదమే కనబడకుండా పోతోంది. ‘చట్టం’, ‘వ్యక్తి’, ‘సహేతుకం’ అనే మాటలను గోపాలన్, గోలక్‌నాథ్, చేబ్రోలు లీలాప్రసాదరావు, సమత తీర్పులతో కలిపి చదివి, ఈ నష్టం ఎక్కడ జరుగుతోందో, తెలుగు అనుకోకుండా ఎక్కడ మేలు చేస్తోందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: రాజ్యాంగ న్యాయం, న్యాయవిద్య, పరిభాష, అనువాదం, భిన్నాభిప్రాయ తీర్పు, ఐదో షెడ్యూలు.

1. ఉపోద్ఘాతం

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 న్యాయవిద్యా నియమాల ప్రకారం మూడేళ్ల ఎల్‌ఎల్.బి.లోనూ, ఇంటర్మీడియట్ తరువాత చేరే ఐదేళ్ల కోర్సులోనూ రాజ్యాంగ న్యాయం రెండు పేపర్లు, పరిపాలనా న్యాయం ఒక పేపరు తప్పనిసరి. రాజ్యానికీ పౌరునికీ మధ్య ఉన్న సంబంధాన్ని చెప్పే ఈ శాఖనే పబ్లిక్ లా అంటున్నారు. పేపరు పేరు ఏదైనా, విద్యార్థి చదవవలసిన అసలు వస్తువు రెండే: రాజ్యాంగ పాఠం, దానిపై న్యాయస్థానాలు చెప్పిన తీర్పులు.

రెండూ ఆంగ్లంలోనే ఉన్నాయి. 348వ అధికరణ ప్రకారం పార్లమెంటు వేరే విధంగా శాసించనంత కాలం సుప్రీంకోర్టు, హైకోర్టుల కార్యకలాపాలు ఆంగ్లంలోనే జరగాలి. ఇంటర్మీడియట్ వరకు, కొందరు డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థి ఈ ఆంగ్ల పాఠాన్ని తనలో తాను తెలుగులోకి మార్చుకుంటూ చదువుతాడు. అధ్యాపకుడు ఆంగ్లంలో చదివి తెలుగులో వివరిస్తాడు. పరీక్ష ఏ భాషలో రాసినా, అవగాహన మాత్రం ఈ మధ్య దశలోనే, తెలుగు మాటల మీదుగానే జరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులు ఆంగ్ల మాధ్యమంలోకి మారినంత మాత్రాన ఈ మధ్య దశ మాయమవదు. పుస్తకంలోంచి మాత్రమే తొలగి, విద్యార్థి మనసులోకి వెళ్లి దాక్కుంటుంది. అక్కడ దానిని సరిదిద్దేవారు ఉండరు.

ఈ విషయంపై సాధారణంగా రెండు వాదాలు వినిపిస్తాయి. తెలుగుకు న్యాయశాస్త్రాన్ని మోసే శక్తి లేదన్నది ఒకటి. తగిన పారిభాషిక పదాలు కల్పిస్తే సమస్య తీరిపోతుందన్నది రెండోది. మొదటిది పరిశీలనకు నిలవదు. రెండోది మంచి ఉద్దేశంతో చెప్పినదే అయినా, ఎక్కువ హాని దీనివల్లే జరుగుతోంది. ఒక ఆంగ్ల పదానికి ఒక తెలుగు పదం కుదిర్చి పట్టికలో చేర్చగానే అక్కడితో ఆలోచన ఆగిపోతుంది. రాజ్యాంగ న్యాయంలో ముఖ్యమైన పదాలు వస్తువుల పేర్లు కావు, వాదాలు. వాదానికి పర్యాయపదం ఉండదు.

2. రాజ్యాంగమా, సంవిధానమా

మొదటి అడుగులోనే రెండు మాటలు ఎదురవుతాయి. అధికారిక తెలుగు పాఠం పేరు ‘భారత సంవిధానము’. తరగతి గదిలో, పత్రికల్లో, న్యాయవాదుల నోట, పాఠ్యపుస్తకాల్లో మాత్రం రాజ్యాంగమే. హిందీ, మరాఠీ, కన్నడం సంవిధానాన్ని తీసుకున్నాయి. తమిళం, మలయాళం తమ సొంత సమాసాలు కట్టుకున్నాయి. తెలుగు ఒక్కటే పాత నీతిశాస్త్రపు మాటను కొత్త పనికి పెట్టుకుంది.

రాజ్యాంగం అంటే రాజ్యానికి అంగం. అమరకోశం చెప్పే రాజ్యాంగాలు ఏడు: స్వామి, అమాత్యుడు, సుహృత్తు, కోశం, రాష్ట్రం, దుర్గం, బలం. ఆ జాబితాలో రాజు ఉన్నాడు, ఖజానా ఉంది, సైన్యం ఉంది. రాజును కట్టడి చేసే పత్రం లేదు. నేటి అర్థంలో రాజ్యాంగం సరిగ్గా ఆ పత్రమే. మాట అధికారపు అవయవాలను సూచిస్తుంటే, వస్తువు అధికారపు హద్దులను చెబుతోంది. వాడుకలో స్థిరపడిన పదాన్ని ఇప్పుడు మార్చాలనడం వృథా ప్రయాస. సంవిధానం అంటే ‘ఏర్పాటు’ కాబట్టి అది మెరుగైన మాటే అయినా, జనం నోట నిలవలేదు. అయితే ఈ చిన్న చరిత్రను మొదటి తరగతిలోనే పది నిమిషాలు చెప్పగలిగితే, రాజ్యాంగం ప్రభుత్వాన్ని నడిపే యంత్రమా, ఆపే కట్టడా అన్న ప్రశ్న విద్యార్థికి తన భాషలోంచే పుడుతుంది. ఈ అవకాశాన్ని వదులుకుని, లిఖిత రాజ్యాంగం, అలిఖిత రాజ్యాంగం, దృఢం, అదృఢం అంటూ లక్షణాల జాబితాతో పాఠం మొదలుపెట్టడం ఆనవాయితీగా మారింది.

ఒక విషయంలో తెలుగు ఆంగ్లం కంటే స్పష్టంగా ఉంది. ఆంగ్లంలో ‘స్టేట్’ ఒకటే మాట. 1వ అధికరణలో అది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వంటి రాష్ట్రం; 12వ అధికరణలో కేంద్రం, రాష్ట్రాలు, స్థానిక సంస్థలు, ఇతర అధికార సంస్థలు అన్నీ కలిసిన రాజ్యం. ఆంగ్లంలో చదివేవారు సందర్భాన్ని బట్టి తేల్చుకోవలసిన ఈ భేదాన్ని తెలుగు రాష్ట్రం, రాజ్యం అని రెండుగా విడదీసి ముందే ఇచ్చేస్తుంది. ఇటువంటి లాభాలు ఉన్నాయి కనుకనే తెలుగు అసమర్థమన్న వాదం నిలవదు. అయితే లాభం ఉన్నచోటే నష్టం కూడా పొంచి ఉంటుంది. ఆంగ్లం కలిపి ఉంచినదాన్ని తెలుగు విడదీసినప్పుడు, ఆ కలయిక మీదనే ఆధారపడిన వాదం ఏమవుతుంది? గోపాలన్ తీర్పు దీనికి నిదర్శనం.

3. గోపాలన్: ఓడిన న్యాయమూర్తికి మాట లేదు

ఎ.కె. గోపాలన్ వర్సెస్ మద్రాసు రాష్ట్రం తీర్పు వెలువడింది 1950 మే 19న. రాజ్యాంగం అమలులోకి వచ్చి నాలుగు నెలలు కూడా కాలేదు. కమ్యూనిస్టు నాయకుడు గోపాలన్ మద్రాసు రాష్ట్రంలో 1947 డిసెంబరు నుంచీ నిర్బంధంలో ఉన్నారు. 1950 ముందస్తు నిర్బంధ చట్టం వచ్చాక దాని కింద మళ్లీ ఉత్తర్వు ఇచ్చారు. ఆ చట్టం 21వ అధికరణకు విరుద్ధమన్నది ఆయన వాదన. చట్టం నిర్దేశించిన పద్ధతి ప్రకారం తప్ప ఎవరి ప్రాణాన్నీ, వ్యక్తిగత స్వేచ్ఛనూ హరించరాదని ఆ అధికరణ భావం. ఆంగ్లంలో అక్కడ ఉన్న మాట ‘లా’.

కేసు మొత్తం ఆ మాట మీద నడిచింది. ‘లా’ అంటే శాసనసభ చేసిన చట్టమేనా? లేక ఏ శాసనసభా చేయకపోయినా నాగరిక సమాజాలన్నీ ఒప్పుకునే సహజ న్యాయసూత్రాలు కూడా అందులో ఉన్నాయా? లాటిన్‌లో ఈ రెండు అర్థాలకూ ‘లెక్స్’, ‘జస్’ అని వేరువేరు మాటలు ఉన్నాయి. ఆంగ్లంలో రెండూ ‘లా’లోనే ఇమిడిపోయాయి. ప్రధాన న్యాయమూర్తి కనియా, మరి నలుగురు న్యాయమూర్తులు మొదటి అర్థాన్ని స్వీకరించారు. ఆ అర్థాన్ని చివరిదాకా తీసుకువెళ్తే, మరణశిక్షను నూనెలో మరిగించి అమలు చేయమని పార్లమెంటు చట్టం చేసినా న్యాయస్థానం చేయగలిగేది ఏమీ ఉండదని న్యాయమూర్తి దాస్ తన అభిప్రాయంలో దాచకుండా ఒప్పుకున్నారు. న్యాయమూర్తి ఫజల్ అలీ ఒక్కరే విభేదించారు. నోటీసు, వాదన వినిపించుకునే అవకాశం, నిష్పక్షపాతమైన న్యాయపీఠం, క్రమబద్ధమైన విచారణ ఈ నాలుగూ లేనిదాన్ని పద్ధతి అనలేమన్నది ఆయన అభిప్రాయ సారాంశం. నిర్బంధ కారణాలను కోర్టుకు సైతం వెల్లడించరాదన్న 14వ సెక్షను మాత్రం చెల్లదని ధర్మాసనం తేల్చింది. గోపాలన్‌కు విడుదల దక్కలేదు.

ఇప్పుడు ఇదే కేసును తెలుగులో చెప్పి చూడాలి. ‘చట్టం’ అనగానే తెలుగు వినేవారికి తోచేది శాసనసభ చేసినదే. ‘శాసనం’ అన్నా ఫలితం మారదు. రాజశాసనం, శిలాశాసనం అన్న వాడుకల్లో ఆజ్ఞ అనే అర్థం ఇంకా బలంగా ఉంది. అంటే తెలుగులో 21వ అధికరణను చదివే విద్యార్థికి కనియా తీర్పు వివరించనవసరం లేని సత్యం. ఫజల్ అలీ అభిప్రాయం అర్థం లేని మొండితనం. ‘చట్టం అంటే చట్టం కాదు’ అని ఏ న్యాయమూర్తి మాత్రం వాదిస్తాడు? వాదన వినకుండానే తెలుగు పాఠం 5–1 ఆధిక్యాన్ని 6–0 చేసేసింది.

రాజ్యాంగ నిర్మాణ చరిత్ర చెప్పేటప్పుడు ఈ చిక్కు మరింత ముదురుతుంది. ముసాయిదాలో తొలుత అమెరికా నమూనాలో ‘డ్యూ ప్రాసెస్ ఆఫ్ లా’ అని ఉండేది. సలహాదారు బి.ఎన్. రావు అమెరికా వెళ్లి న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్‌తో మాట్లాడి వచ్చిన తరువాత, ముసాయిదా కమిటీ జపాన్ రాజ్యాంగంలోని 31వ అధికరణ ననుసరించి ‘ప్రొసీజర్ ఎస్టాబ్లిష్డ్ బై లా’ అని మార్చింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ పరిషత్తులో ఈ మార్పును సమర్థించినవారిలో నెల్లూరు ప్రాంతంలో పుట్టిన అల్లాది కృష్ణస్వామి అయ్యర్ ప్రముఖులు; కె.ఎం. మున్షీ పాత మాటవైపు నిలిచారు. ఆంగ్లంలో రెండు పదబంధాల్లోనూ ‘లా’ ఉంది. అందుకే మాట మారినా అర్థం పూర్తిగా మారలేదని వాదించడానికి గోపాలన్ న్యాయవాదికి కొంత చోటు దొరికింది. తెలుగు తరగతిలో మొదటిదాన్ని సాధారణంగా ‘న్యాయప్రక్రియ’ అనీ, రెండోదాన్ని ‘చట్టం నిర్దేశించిన పద్ధతి’ అనీ చెబుతారు. ఒకే ‘లా’ ఒకచోట న్యాయమైంది, మరొకచోట చట్టమైంది. రెండింటి మధ్య వంతెన ఉండేదన్న ఆనవాలు కూడా మిగలలేదు.

1978 జనవరి 25న మేనకా గాంధీ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పద్ధతి న్యాయంగా, నిష్పక్షంగా, సబబుగా ఉండాలని చెప్పినప్పుడు ఆ వంతెన మీదుగానే నడిచింది. వంతెన చూడని విద్యార్థికి మేనకా గాంధీ తీర్పు కోర్టు దయగా, లేదా రాజకీయ వాతావరణం మారినందువల్ల కలిగిన మార్పుగా కనబడుతుంది. వాతావరణం ప్రభావం లేదని కాదు. కానీ 28 ఏళ్ల క్రితం ఓడిపోయిన ఒక వాదం తిరిగి లేచిందన్న సంగతి, పబ్లిక్ లా చదువులో బహుశా అన్నిటికంటే విలువైన సంగతి, అతనికి అందదు.

నిజానికి తెలుగుకు ఇక్కడ పేదరికం లేదు. న్యాయస్థానం, న్యాయవాది, న్యాయమూర్తి, న్యాయకళాశాల అన్నప్పుడు ‘న్యాయం’ ఆంగ్ల ‘లా’ చేసే పనే చేస్తోంది. ‘నీకిది న్యాయమేనా’ అన్నప్పుడు అదే మాట ఏ చట్టంలోనూ లేని కొలమానమవుతోంది. జస్, లెక్స్ రెండూ కలిసిన ‘లా’కు అన్నిటికంటే దగ్గరగా ఉన్న తెలుగు మాట న్యాయమే. 21వ అధికరణలో దాన్ని వాడాలని ఎవరూ అనలేరు; అలా చేస్తే ఫజల్ అలీ ముందే గెలుస్తారు, అదీ తప్పే. కావలసింది వేరే పదం కాదు. ఇక్కడ ఏ పదం పెట్టినా ఒక తీర్పు చెప్పినట్టే అవుతుందన్న ఎరుక కావాలి.

4. గోలక్‌నాథ్: అదే మాట, ఎదురు ఫలితం

‘చట్టం’ ఎప్పుడూ రాజ్యం పక్షానే నిలుస్తుందనుకోవడానికి వీల్లేదు. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ముందు ఉన్న ప్రశ్న: ప్రాథమిక హక్కులను హరించే ఏ ‘లా’నూ రాజ్యం చేయరాదని 13వ అధికరణ రెండో క్లాజు చెబుతోంది, రాజ్యాంగ సవరణ కూడా ఆ ‘లా’ కిందికి వస్తుందా? 1951లో శంకరీ ప్రసాద్ కేసులో పతంజలి శాస్త్రి రాదన్నారు. సాధారణ శాసనాధికారం వేరు, రాజ్యాంగాన్నే మార్చే నిర్మాణాధికారం వేరు అన్నది ఆయన తర్కం. గోలక్‌నాథ్‌లో 6–5 ఆధిక్యంతో ఆ తర్కం వీగిపోయింది. సవరణ కూడా ‘లా’యే అని ప్రధాన తీర్పు రాసినది రాజమహేంద్రవరంలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి వెళ్లిన కోకా సుబ్బారావు.

తెలుగు విద్యార్థికి ఇక్కడ అయోమయం తిరగబడుతుంది. సవరణల పేర్లే ‘సవరణ చట్టం’ అని ఉంటాయి. సవరణ చట్టం చట్టం కాకుండా ఎలా ఉంటుంది? సుబ్బారావు చెప్పినది మళ్లీ వివరించనక్కరలేని సత్యమవుతుంది. అయిదుగురు ఎందుకు విభేదించారో అర్థం కాదు. ఆంగ్లంలో సవరణ పేరులో ఉన్నది ‘యాక్ట్’, 13వ అధికరణలో ఉన్నది ‘లా’. ఆ రెండింటి మధ్య సందులోనే కేసు నడిచింది. తెలుగులో రెండూ చట్టమే కనుక సందు మూసుకుపోయింది. గోపాలన్‌లో ఓడిన పక్షం నోరు మూయించిన మాటే గోలక్‌నాథ్‌లోనూ ఓడిన పక్షం నోరు మూయించింది. ఒకచోట అది స్వేచ్ఛకు వ్యతిరేకంగా, మరొకచోట హక్కులకు అనుకూలంగా పనిచేసినా, విద్యార్థికి జరిగిన నష్టం ఒక్కటే.

1973 ఏప్రిల్ 24 నాటి కేశవానంద భారతి తీర్పు గోలక్‌నాథ్‌ను తోసిపుచ్చి, సవరణాధికారానికి వేరే హద్దు గీసింది. దానికి తెలుగులో మౌలిక నిర్మాణం, మౌలిక స్వరూపం అని రెండు మాటలు చలామణిలో ఉన్నాయి. గైడ్లు వీటిని పర్యాయపదాలుగా వాడతాయి. అవి కావు. నిర్మాణం కట్టడపు పోలిక: ఏ స్తంభం తీస్తే ఇల్లు కూలుతుందన్నది అక్కడ ప్రశ్న. స్వరూపం గుర్తింపుకు సంబంధించినది: ఎంత మారినా ఇది అదే రాజ్యాంగమని చెప్పగలమా అన్నది ప్రశ్న. న్యాయమూర్తి ఖన్నా అభిప్రాయంలో గుర్తింపు పోకూడదన్న ఆలోచన ప్రధానం కనుక స్వరూపమే ఆయనకు దగ్గర. తెలుగు ఇక్కడ ఆంగ్లానికి లేని ఒక సాధనాన్ని ఇచ్చింది, వాడుకునేవారు అరుదు.

5. ఏజెన్సీ ఉపాధ్యాయులు: చట్టానికీ చట్టానికీ తేడా

ఇది కేవలం పదాల పట్టింపు అనుకునేవారు 2020 ఏప్రిల్ 22 నాటి చేబ్రోలు లీలాప్రసాదరావు తీర్పును చూడాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000 జనవరిలో జారీ చేసిన జీవో 3 షెడ్యూల్డు ప్రాంతాల పాఠశాలల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. గిరిజన బడికి గిరిజన ఉపాధ్యాయుడే వస్తాడన్న నమ్మకం దాని వెనుక ఉంది. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టివేసింది. అప్పటికే జరిగిన నియామకాలను షరతులతో కాపాడింది.

తీర్పులో సమానత్వ చర్చ, నూరు శాతం రిజర్వేషన్ చర్చ అందరికీ తెలిసినవే. అంతగా చదవని భాగం మరొకటి ఉంది. ఐదో షెడ్యూలు 5వ పేరా మొదటి ఉపపేరా ప్రకారం పార్లమెంటు లేదా శాసనసభ చేసిన ఏదైనా ‘యాక్ట్’ షెడ్యూల్డు ప్రాంతానికి వర్తించదనీ, మార్పులతో వర్తిస్తుందనీ గవర్నరు ప్రకటించవచ్చు. ఉపాధ్యాయ నియామక నిబంధనలు ‘యాక్ట్’ కిందికి వస్తాయా? రావని, ఈ అధికారం చట్టసభలు చేసిన చట్టాలకే పరిమితం గాని వాటి కింద రూపొందే నిబంధనలకు విస్తరించదని కోర్టు తేల్చింది. 13వ అధికరణలో మాత్రం ‘లా’ అంటే ఆర్డినెన్సు, ఉత్తర్వు, ఉపనిబంధన, నియమం, నోటిఫికేషను, చివరికి చట్టబలమున్న ఆచారం కూడా. కాబట్టి అదే జీవో ప్రాథమిక హక్కులను ఉల్లంఘించిందా అని పరీక్షించేటప్పుడు అది ‘లా’. గవర్నరు ప్రత్యేకాధికారం కింద దాన్ని కాపాడాలన్నప్పుడు అది మార్చదలచిన నిబంధనలు ‘యాక్ట్’ కావు. ఏజెన్సీ బడిలో కొలువు ఎవరిదన్నది ఈ రెండు మాటల తేడా మీద కూడా ఆధారపడింది. రెండింటినీ ‘చట్టం’ అని చదువుకున్న విద్యార్థి, అతడే పాడేరు నుంచో ఉట్నూరు నుంచో వచ్చినవాడైతే మరీ, తన వాళ్ల ఉద్యోగాలు ఏ తర్కంతో పోయాయో చెప్పలేడు. ఆ తర్కంతో ఏకీభవించాలా వద్దా అన్నది ఆ తరువాతి మాట. విభేదించడానికైనా అది ముందు కనబడాలి.

6. సమత: ప్రభుత్వం ‘వ్యక్తి’ అవుతుందా

అదే ఐదో షెడ్యూలు, ఇరవై మూడేళ్ల ముందు. 1997 జూలై 11 నాటి సమత తీర్పు విశాఖపట్నం జిల్లా అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల గిరిజన గ్రామాల భూముల గురించినది. అనంతగిరి ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. ప్రభుత్వం ఆ భూములను ప్రైవేటు సంస్థలకు గనుల లీజుకిచ్చింది. 1970లో సవరించిన 1959 నాటి 1వ నిబంధన ప్రకారం ఏజెన్సీ ప్రాంతంలో ఏ ‘పర్సన్’ అయినా, గిరిజనుడైనా కాకపోయినా, గిరిజనునికీ గిరిజన సహకార సంఘానికీ తప్ప మరొకరికి భూమిని బదిలీ చేస్తే చెల్లదు. మరి భూమిని లీజుకిచ్చిన ప్రభుత్వం ‘పర్సన్’ అవుతుందా?

అవుతుందని న్యాయమూర్తులు కె. రామస్వామి, ఎస్. సగీర్ అహ్మద్ చెప్పారు. కాదని జి.బి. పట్నాయక్ విభేదించారు. ఆధిక్య తీర్పు ఫలితంగా ప్రైవేటు లీజులు చెల్లకుండా పోయాయి. ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ, గిరిజన సహకార సంఘాలు గనులు నడపవచ్చునని, లాభంలో కనీసం 20 శాతం స్థానిక అభివృద్ధికి కేటాయించాలని కోర్టు నిర్దేశించింది.

తెలుగులో ‘పర్సన్’ అంటే వ్యక్తి. వ్యక్తి అంటే మనిషి. గోపాలన్‌లో తెలుగు మాట ఆధిక్యం పక్షాన నిలిస్తే, ఇక్కడ భిన్నాభిప్రాయం పక్షాన నిలిచింది. ప్రభుత్వం వ్యక్తి ఎలా అవుతుందని తెలుగు విద్యార్థి అడిగే ప్రశ్నే పట్నాయక్ ప్రశ్న. దీనికి ‘న్యాయిక వ్యక్తి’ అన్న పారిభాషిక పదాన్ని చూపించి ముందుకు సాగడం తేలికైన పని, నిష్ప్రయోజనమైన పని. తెలుగు ఊళ్లలో దేవుడి మాన్యం ఉంటుంది. స్వామివారి పేరున పట్టా ఉంటుంది, శిస్తు ఉంటుంది, కోర్టులో స్వామివారే వాది అవుతారు. దేవతామూర్తి న్యాయదృష్టిలో వ్యక్తి అని ప్రీవీ కౌన్సిల్ 1925లోనే గుర్తించింది. ఊరివాళ్లకు అది అంతకుముందే తెలుసు. దేవుడు భూమి కలిగి ఉండగలిగినప్పుడు, ఇవ్వగలిగినప్పుడు, ప్రభుత్వం ఎందుకు కాకూడదు? అక్కడి నుంచి మొదలుపెడితే కె. రామస్వామి తర్కం తెలుగులోనే నిలబడుతుంది. పట్నాయక్ జవాబు కూడా నిలబడుతుంది: ఈ నిబంధన గిరిజనుల చేతిలోంచి భూమి జారిపోకుండా చేసినదే గాని, ప్రభుత్వ భూమిపై ప్రభుత్వానికే ఉన్న అధికారాన్ని తుంచడానికి కాదనవచ్చు. ఇద్దరికీ మాట దొరికిన తరువాతే విద్యార్థి తీర్పు చెప్పుకోగలడు.

7. సహేతుకం, సబబు

19వ అధికరణలో స్వేచ్ఛలపై విధించదగిన ఆంక్షలను ‘సహేతుకమైన ఆంక్షలు’ అంటున్నారు. హేతువుతో కూడినది సహేతుకం. హేతువు లేని ఆంక్ష ఏ ప్రభుత్వమూ విధించదు. శాంతిభద్రతలన్న ఒక్క హేతువు చాలు. 1952లో మద్రాసు రాష్ట్రం వర్సెస్ వి.జి. రో కేసులో పతంజలి శాస్త్రి చెప్పిన కొలమానం అది కాదు. హక్కు స్వభావం, ఆంక్ష ఉద్దేశం, నివారించదలచిన చెడు తీవ్రత, దానికి ఆంక్షకు ఉన్న పొంతన, నాటి పరిస్థితులు అన్నీ తూచి చూడమన్నారు. అక్కడ ముఖ్యమైనది పొంతన. హేతువు ఉనికి కాదు.

ఈ తూకాన్ని చెప్పే మాట తెలుగు వాడుకలో ఉంది: సబబు. అరబ్బీలో దాని అర్థం కారణమే. తెలుగు జనం మాత్రం దాన్ని తగిన మేరకు ఉన్నదన్న అర్థంలోకి తిప్పుకున్నారు. ‘తప్పు చేశాడు సరే, ఇంత శిక్ష సబబు కాదు’ అనే మాటలో కారణాన్ని ఒప్పుకుంటూనే పొంతన లేదనే వాదం పూర్తిగా ఉంది. సంస్కృత సమాసం జారవిడిచినదాన్ని రచ్చబండ పట్టుకుంది. ప్రామాణిక పాఠంలో సబబుకు చోటు దొరకకపోవచ్చు; తరగతి గదిలో దొరకకపోవడానికి కారణం లేదు. రిట్ల పేర్లలోనూ ఇటువంటి ఎగుడుదిగుళ్లే. ‘అధికార పృచ్ఛ’ అనగానే ఏ అధికారంతో ఆ కుర్చీలో కూర్చున్నావన్న ప్రశ్న వినిపిస్తుంది. ‘ఉత్ప్రేషణ’ విన్నవారికి కింది నుంచి రికార్డు తెప్పించి తీర్పు రద్దు చేయడమన్న ఊహ రాదు. రెంటినీ ఒకే పట్టికలో బట్టీ పట్టిస్తున్నారు.

8. తరగతి, పరీక్ష

పరిభాష ఇంత నష్టం చేయడానికి బోధన, పరీక్ష విధానం దోహదం చేస్తున్నాయి. గైడులో గోపాలన్ కేసు మూడు పంక్తులు: వాస్తవాలు ఒక పంక్తి, తీర్పు ఒక పంక్తి, ‘మేనకా గాంధీ కేసులో మార్చారు’ అని ఒక పంక్తి. ఫజల్ అలీ పేరు ఉంటే ఉంటుంది. పరీక్షలో 21వ అధికరణ పరిధిని వివరించమంటారు; విద్యార్థి కేసుల పేర్లు వరుసగా రాస్తాడు. ఎక్కువ పేర్లు రాసినవారికి ఎక్కువ మార్కులు. కేసు పేరు ఇక్కడ తాయెత్తు వంటిది. విప్పి చూడనవసరం లేదు.

భిన్నాభిప్రాయాలను వదిలేయడం ఈ పద్ధతిలో అన్నిటికంటే పెద్ద లోపం. ఖరక్ సింగ్ కేసులో కోకా సుబ్బారావు గోప్యత వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని 1962లో విభేదించి రాసినది 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ఆమోదం పొందింది. ఆ 55 ఏళ్లలో డిగ్రీ పూర్తిచేసిన విద్యార్థుల్లో ఎంతమందికి ఆ అభిప్రాయాన్ని చదివే అవసరం కలిగింది? ఓడిన వాదమని పక్కన పెట్టినది చివరికి చట్టమైంది. న్యాయమైంది అనాలేమో.

అనువాదాల వైపు కొంత కదలిక ఉంది. 2019 నుంచి సుప్రీంకోర్టు ఎంపిక చేసిన తీర్పులను తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లో అందిస్తోంది. ఆ పనికి యంత్రానువాద సాధనాన్ని కూడా తయారు చేయించింది. 2023లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక కుటుంబ ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు వెలువరించింది. కక్షిదారుకు ఇవి ఎంతో మేలు. తన కేసు ఏమైందో అతనికి తెలియాలి. విద్యార్థి అవసరం వేరు. ఒకే ఆంగ్ల పదానికి అన్నిచోట్లా ఒకే తెలుగు పదం వాడటం కక్షిదారు చదివే అనువాదంలో గుణం, విద్యార్థి చదివే అనువాదంలో దోషం. విద్యార్థి కోసం చేసే అనువాదం వివాదాస్పద పదం దగ్గర ఆగి, ఆంగ్ల పదాన్ని తెలుగు లిపిలో అలాగే ఉంచి, దానికి రాగల రెండు మూడు తెలుగు అర్థాలను పక్కపక్కన చూపాలి. తెలుగు అకాడమీ వంటి సంస్థలు దశాబ్దాలుగా చేసిన పరిభాషా సేకరణ దీనికి పునాదిగా పనికివస్తుంది. అయితే అందులోని ప్రతి పదం పక్కన ఆ పదం మీద తగవుపడిన కేసు పేరు కూడా చేరాలి.

కొత్త పుస్తకాలు వచ్చేదాకా ఆగనవసరం లేని పని ఒకటుంది. గోపాలన్ కేసులో న్యాయమూర్తి ఫజల్ అలీ అభిప్రాయాన్ని ‘చట్టం’ అన్న మాట ఒక్కసారి కూడా వాడకుండా ఒక పుట తెలుగులో రాయమని అడగవచ్చు. ఆ తరువాత కనియా అభిప్రాయాన్ని ‘న్యాయం’ అన్న మాట వాడకుండా రాయమనవచ్చు. రెండో పుట తేలికగా పూర్తవుతుంది. మొదటి పుట దగ్గర తరగతి అంతా ఎంతసేపు ఆగిపోతుందో, అంతసేపు అక్కడ రాజ్యాంగ న్యాయం చదువు నడుస్తున్నట్టు.